చేప ఎటు చూడాలి

చేప తెచ్చినవాళ్ళని ఛాయాదేవి ముందుగా ఒకటే అడుగుతుంది. "ఇది ఎటు చూడాలి?"

చాలామందికి ఆ ప్రశ్న అర్థం కాదు. ఐస్ పెట్టెలోంచి చేపని తీసి కౌంటర్ మీద పెట్టి, అది ఎంతసేపు గింజుకుందో చెప్పడానికి సిద్ధపడి వచ్చి ఉంటారు. ఆమె అరచేత్తో గాల్లో చూపిస్తుంది. గోడకి తగిలించాక చేప ఒక పక్కే కనిపిస్తుంది. తల ఎడమకి ఉండాలంటే ఎడమ పక్క పైకి ఉండాలి, షాపు యజమాని రస్సెల్ కుడి పక్కన కోసి చర్మం తీస్తాడు. కుడికి చూడాలంటే ఎడమ పక్కన కోస్తాడు. కత్తి పెట్టాక మార్చడానికి ఉండదు. "ఇంటికెళ్ళి గోడ చూసుకుని ఫోన్ చెయ్యండి, తొందరేం లేదు," అంటుంది. నిజంగానే తొందర ఉండదు. ఒక్కో చేప వంతు రావడానికి ఏడాది పడుతుంది.

రస్సెల్ షాపు అమెరికాలో రోజర్స్ అనే ఊరు దాటాక, బీవర్ లేక్‌కి వెళ్ళే రోడ్డు మీద, పడవలు రిపేరు చేసే షెడ్డు పక్కన ఉంటుంది. వేటాడిన జింకలు, పట్టిన చేపలు అక్కడికి వస్తాయి. చర్మం పాడవకుండా మందు పట్టించి, లోపల అచ్చు పెట్టి, గాజు కళ్ళు అమర్చి, బతికున్నట్టు చేసి తిరిగి ఇస్తారు. రస్సెల్‌కి జింకలంటే ప్రాణం, చేపలంటే విసుగు. జింక తెచ్చినవాడు తల అప్పగించి తన దారిన పోతాడని, చేప తెచ్చినవాడు మాత్రం కూతుర్ని అత్తారింట్లో వదిలినట్టు ఊరికే ఫోన్లు చేస్తాడని అతని బాధ. ఆ ఫోన్లు ఎత్తడానికే ఛాయాదేవిని పెట్టుకున్నాడు. ఆరేళ్ళయింది.

అప్పటికి ఆమెకి వర్క్ పర్మిట్ చేతికొచ్చి నెల కూడా కాలేదు. భర్త రాధాకృష్ణ బెంటన్‌విల్‌లో, ఆ పెద్ద స్టోర్ల కంపెనీ హెడ్డాఫీసులో కాంట్రాక్టర్. ఒక శనివారం లేక్ చూసి వస్తుంటే షాపు కిటికీలో మనిషి కావాలన్న బోర్డు కనిపించింది. కారు ఆపించి లోపలికి వెళ్ళింది. వెళ్ళాకగాని అదేం షాపో తెలియలేదు. గోడ మీంచి నాలుగు జింకలు తన వంకే చూస్తుంటే నిలబడి, "ఫోన్‌లో మాట్లాడటం వచ్చు," అంది.

"మాట్లాడేది తక్కువ. వినాలి," అన్నాడు రస్సెల్.

"అది ఇంకా బాగా వచ్చు."

బయట కారులో కూర్చున్న రాధాకృష్ణ, ఆమె వచ్చి సంగతి చెప్పాక చాలాసేపు స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వాడు. ఆ తరవాత నవ్వలేదు. స్నేహితులు మాత్రం ఇప్పటికీ వదలరు. మొన్నటికి మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో రేణు అడిగింది. "ఛాయా, మావారిని తెచ్చి ఇస్తాను, సోఫాలో కూర్చుని మ్యాచ్ చూస్తున్నట్టు చేసి ఇస్తారా?"

"చేస్తాం. కానీ ఇప్పటికీ అప్పటికీ నీకు తేడా ఎలా తెలుస్తుంది?" అంది ఛాయాదేవి, పెరుగన్నం కలుపుకుంటూ.

ఆమె పనిలో ఎక్కువ భాగం రంగులు అడగడం. చేప చచ్చిన కాసేపటికే రంగు పోతుంది. గోడ మీద కనిపించే రంగంతా రస్సెల్ వేసిందే. ఫొటో తీసుకున్నవాళ్ళతో ఇబ్బంది లేదు. తీసుకోనివాళ్ళకి ఆమె ఫోన్ చేసి అడుగుతుంది. నీళ్ళు తేటగా ఉన్నాయా? ఎండ ఉందా? పొట్ట తెల్లగా ఉందా, వెన్న రంగులో ఉందా? తొందర పెట్టకపోతే మనుషులకి నెమ్మదిగా గుర్తొస్తుంది. ఒకాయన ఆ రోజు పడవలో తమ్ముడు ఏ పాట పాడుతున్నాడో కూడా చెప్పాడు. ఆమె అదీ ఆర్డర్ చీటీ మీద రాసింది. రస్సెల్ చీటీ పట్టుకొచ్చి, "దీన్ని ఏ రంగు బ్రష్షుతో వెయ్యమంటావు, మిస్ ఛాయా?" అన్నాడు. అయినా ఆమె రాయడం మానలేదు.

కొలత టేపు ఆమె ఎవరి ముందూ తియ్యదు. ఇరవై రెండు అంగుళాలని చెప్పిన చేప లోపలికి తీసుకెళ్ళి కొలిస్తే పంతొమ్మిది ఉంటుంది. పంతొమ్మిదని రాసి ఊరుకుంటుంది. ఆ మనిషి ఏడాది తరవాత తన చేప కోసం వచ్చినప్పుడు ఇరవై నాలుగు అంటాడు. దానికీ తల ఊపుతుంది.

అసలు ఆమె పుట్టింది అనంతపురంలో. పెళ్ళయ్యేదాకా చేప ముట్టుకోలేదు. చేపని చూడటం నేర్పింది అత్తగారు లక్ష్మీకాంతం. భీమవరం బజార్లో కొత్తకోడల్ని పక్కన నిలబెట్టుకుని, మొప్ప ఎత్తి ఎరుపు చూపించి, కంట్లోకి చూడమంది, పొట్ట నొక్కి చూడమంది. చూడటం వరకు ఛాయాదేవికి వచ్చింది. కొయ్యడం రాలేదు. ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం వచ్చేవి. అత్తగారు కత్తిపీట తన వైపు లాక్కునేది.

ఆవిడ ఈ వసంతంలో ఆరు నెలలుండటానికి బెంటన్‌విల్ వచ్చింది. కోడలు ఏం పని చేస్తోందని గతంలో ఫోన్‌లో అడిగితే, రాధాకృష్ణ ఎలా చెప్పాలో తోచక చేపల షాపులో అన్నాడు. అది ఆవిడ మనసులో ఉండిపోయింది. "అమెరికాలో చేపలమ్మితే నాకేం నామోషీ లేదురా. కానీ దానికి చేప కొయ్యడమే సరిగ్గా రాదు కదా, ఎలా పెట్టుకున్నారు?" అంది. వచ్చేటప్పుడు సూట్‌కేసులో చీరల మధ్య మడత కత్తిపీట తెచ్చింది.

హోలిస్, జాయిస్ దంపతులు షాపుకి వచ్చింది ఏప్రిల్లో. హోలిస్ కోళ్ళ లారీ తోలి రిటైరైన మనిషి, ఎనభై దాటాడు. చేప మాత్రం జాయిస్‌ది. పెళ్ళయిన దగ్గర్నుంచి భర్తతో పడవెక్కి, వెనక సీట్లో కూర్చుని ఊలు అల్లుకోవడం తప్ప ఆవిడ గాలం పట్టింది లేదు. ఆ రోజు హోలిస్ శాండ్‌విచ్ విప్పుకుంటూ, ఒక్క నిమిషం పట్టుకోమని గాలం చేతికిచ్చాడు. ఆ నిమిషంలో పడింది, మంచి కండ పట్టిన బాస్ చేప.

"ఆ శాండ్‌విచ్ నేను తినకుండా ఉండాల్సింది," అన్నాడు హోలిస్ వెలిగిపోతున్న ముఖంతో.

"నేను చేసిన శాండ్‌విచ్," అంది జాయిస్.

"ఇది ఎటు చూడాలి?" అని ఛాయాదేవి అడిగితే ఆలోచించకుండా చెప్పాడు. వాళ్ళింట్లో ఫైర్‌ప్లేస్ పైన, ఎడమవైపు, ఆయన ఎప్పుడో పట్టిన బాస్ ఉంది. అది కుడికి చూస్తుంది. దాని ఎదురుగా కుడివైపు గోడ ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది. జాయిస్ చేప అక్కడికి, ఎడమకి చూస్తూ రావాలి. రెండు చేతులూ చాచి వేళ్ళ కొసలు ఆనించి చూపించాడు. "నాదిలా, ఆవిడదిలా. మూతీ మూతీ ఎదురెదురుగా."

"ముసలాడికి సిగ్గు లేదు," అంది జాయిస్ ఛాయాదేవితో. ఛాయాదేవి చీటీ మీద ఎడమ అని రాసి కింద గీత గీసింది. మిగతావాళ్ళ దగ్గర్నుంచి వారానికోసారి వచ్చే ఫోను హోలిస్ దగ్గర్నుంచి రెండుసార్లు వచ్చేది. ఎడమ అనే రాశావా? ఎడమ అనే రాశాను.

మే నెలాఖరున సుడిగాలి వచ్చింది. రోజర్స్ అంతటా చెట్లు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. షాపుకి దెబ్బ తగల్లేదు కానీ కరెంటు పోయింది. ఉన్న చిన్న జనరేటరు జింక చర్మాల ఫ్రీజరుకే సరిపోయింది. చేపల్ని కరెంటున్న వాళ్ళ ఇళ్ళకి పంచాల్సి వచ్చింది. ఛాయాదేవి మూడు తీసుకుంది. వాటిలో జాయిస్ చేప ఒకటి. ఆ సాయంత్రం తనే హోలిస్‌కి ఫోన్ చేసి చెప్పింది. "మీ చేప మా ఇంట్లో ఉంది. భయం లేదు, నేను చూసుకుంటాను."

తడి తువ్వాళ్ళలో చుట్టి, పైన ప్లాస్టిక్ కట్టి, చీటీలు వేలాడుతున్న ఆ మూడింటినీ గరాజ్‌లో ఫ్రీజర్లో, కరివేపాకు, కొబ్బరి తురుము, ములక్కాడ ముక్కల పక్కన సర్దింది. "అత్తయ్యగారూ, గరాజ్ ఫ్రీజర్లో చేపలు పెట్టాను. మీకు కొబ్బరి కావాలంటే అడుగున ఉంది," అని చెప్పి, పొద్దున్నే షాపు శుభ్రం చేయించడానికి వెళ్ళిపోయింది.

భీమవరం మనిషికి అంతకంటే చెప్పక్కర్లేదు. కోడలు గాలివాన పనులతో నలిగిపోతోంది. షాపు వాళ్ళు చేపలిచ్చి పంపారు. పాపం, అది వాటిని కడుపు కూడా తియ్యకుండా, పాత తువ్వాలు చుట్టి పడేసింది. చీటీలు ధర చీటీలనుకుంది ఆవిడ. మూడింటిలో పెద్దది తీసి బేసిన్‌లో నీళ్ళు పోసి ఉంచింది. మధ్యాహ్నానికి పైపైన మెత్తబడింది. గరాజ్ నేల మీద అట్ట పరిచి, చీర కుచ్చిళ్ళు దోపి, కత్తిపీట ముందు కూర్చుంది.

మనవరాలు వేదకి సెలవులు. నిద్ర లేచి, జ్యూస్ కోసం గరాజ్‌లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నానమ్మా! What are you doing?"

"కనపట్లేదా? మీ అమ్మకి సాయం. ఇలా కడుపుతో సహా దాస్తే చేదెక్కిపోద్ది."

"నో నో నో. అది తినేది కాదు!"

"చేప తినేది కాకపోతే ఏంటే, పెంచుకునేదా?"

"అది గోడకి పెట్టేది, నానమ్మా! అమ్మ జాబ్ అదే!"

లక్ష్మీకాంతం చెయ్యి ఆగింది. "గోడకా?" అంది. మనవరాలు ఫోన్లో ఫొటోలు చూపించింది. గోడల మీద చేపలు, నోళ్ళు తెరిచి, తోకలు వంచి. ఆవిడ ఒక్కొక్కటే చూసింది. తరవాత అట్ట మీద మెరుస్తున్న పొలుసు వంక చూసింది. చేప ఎడమ పక్కంతా నున్నగా అయిపోయింది. ఉప్పు, పసుపు కలిపిన గిన్నె పక్కనే ఉంది. రెక్కలు కోయడానికి కత్తెర తెమ్మని వేదనే పిలుద్దామనుకుంటూ ఉండగా ఆ పిల్లే వచ్చింది.

"మీ అమ్మకి ఫోన్ చెయ్యి," అంది.

ఛాయాదేవి వచ్చి చేపని తిప్పి చూసింది. కుడి పక్క చెక్కు చెదరలేదు. రెక్కలు, తోక బాగున్నాయి. ఎడమ పక్కని అరచేత్తో నిమిరింది.

"తిట్టవే," అంది అత్తగారు.

"మిమ్మల్ని తిట్టి ఏం చేస్తాను అత్తయ్యగారూ. చెప్పకపోవడం నాది తప్పు." తడి తువ్వాలులో చుట్టి షాపుకి పట్టుకుపోయింది.

రస్సెల్ కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాడు. "ఈ పక్క అయిపోయింది. పొలుసులు బ్రష్షుతో గీయగలను. దూరం నుంచి తెలియదు. కానీ హోలిస్ ముక్కు ఆనించి చూస్తాడు."

"కుడికి తిప్పితే?"

"బ్రహ్మాండంగా వస్తుంది. అయితే ఈ రోజే కొయ్యాలి, మళ్ళీ గడ్డ కట్టిస్తే చర్మం నిలవదు." చేతులు తుడుచుకుని, ఆమె వంక చూడకుండా అన్నాడు. "గాలివానకి ఫ్రీజర్ ఆగిపోయి ఒక పక్క పాడైందని చెప్పు. ఊళ్ళో సగం మందికి ఆగిపోయాయి. ఒక్కడు కూడా ఇంకో ప్రశ్న వెయ్యడు."

"మా ఫ్రీజర్ ఆగలేదు."

"అది నాకూ నీకూ తెలుసు."

ఆమె ఇంటికి వచ్చి కారులోనే కూర్చుని రాధాకృష్ణకి ఫోన్ చేసింది. నిజం చెప్పడానికి ఆమెకి భయం లేదు. కానీ చెబితే ఆ కథ లేక్ చుట్టూ ఎర అమ్మే ప్రతి కొట్లోనూ తిరుగుతుంది. హోలిస్ పెళ్ళాం చేపని ఒక ఇండియా ముసలమ్మ కూర వండబోయిందట. అత్తగారి పేరు అలా పదిమంది నోళ్ళలో నలగడం ఆమెకి మింగుడు పడటం లేదు. చెప్పకపోతే, హోలిస్ ప్రతిసారీ ఫోన్ చేసి గాలివానని తిడుతుంటే తను అవునవునని వినాలి. వినడమే కదా తన పని.

"స్టార్మ్ అనే చెప్పెయ్, ఛాయా. రస్సెలే ఓకే అన్నాడుగా. మధ్యలో అమ్మ పేరెందుకు?" అన్నాడు రాధాకృష్ణ స్పీకర్లో.

కారు తలుపు తెరుచుకుంది. లక్ష్మీకాంతం ఇస్త్రీ చీర కట్టుకుని నిలబడి ఉంది. "నా పేరెందుకేంట్రా? గీకింది నేనేగా. గాలికి చేతులున్నాయా?" అని, వచ్చి పక్క సీట్లో కూర్చుని బెల్టు లాక్కుంది. "పద ఛాయా. ఆ పెద్దాయన ఇల్లెక్కడో."

హోలిస్ ఇంట్లో ఫైర్‌ప్లేస్ పైన ఎడమవైపు బాస్ చేప ఉంది. కుడివైపు గోడకి అప్పటికే మేకు దిగి ఉంది. ఛాయాదేవి కూర్చోకుండానే జరిగిందంతా వరసగా చెప్పేసింది. ఎడమ పక్క పోయింది, చేప కుడికే చూడగలదు, ఎలా చెయ్యమన్నా ఈ సాయంత్రంలోగా చెప్పాలి, వద్దంటే మానేస్తాం.

హోలిస్ రెండు చేతులూ ఎత్తి వేళ్ళు ఆనించాడు. తరవాత కుడిచెయ్యి అవతలికి తిప్పి చూశాడు. "నాకు వీపు తిప్పినట్టుంటుంది," అన్నాడు. కుర్చీలో కూర్చున్నాడు. కోపం కనిపించలేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఛాయాదేవికి.

"ఏమన్నాడే?" అంది లక్ష్మీకాంతం.

"రెండూ ఎదురెదురుగా ఉండాలనుకున్నారు, అత్తయ్యగారూ. ఇప్పుడు కుదరదుగా."

"చెప్పు ఆయనకి. కోడలి తప్పేం లేదు, పెద్దదాన్ని నేను, నా చేతికి ఊరుకోవడం తెలీదు. చేప కనిపిస్తే దాని పని అది చేసుకుపోద్ది అని చెప్పు. నా పేరు కూడా చెప్పు."

ఛాయాదేవి కాస్త మెత్తగా చేసి చెప్పింది.

"అంత పొడుగు మాట్లాడితే నువ్వు ఇంతే చెప్పావేం?" అంది జాయిస్. "మొత్తం చెప్పు." మొత్తం చెప్పింది. జాయిస్ వచ్చి లక్ష్మీకాంతం చేతులు పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ళ సందులో ఒక పొలుసు ఇంకా అంటుకుని ఉంది. "ఒక పక్కంతా ఎంతసేపట్లో గీకింది?"

ఛాయాదేవి తెలుగులో అడిగితే లక్ష్మీకాంతం ఆలోచించింది. "టీ కాగేంత సేపు. గడ్డ కట్టి ఉండబట్టి గానీ, లేకపోతే అంత కూడా పట్టదు."

"విన్నావా హోలిస్? నువ్వు ఒక చిన్న చేప గీకడానికి నా సాయంత్రమంతా సింకు ఖాళీ చెయ్యవు."

హోలిస్ నవ్వలేదు. జాయిస్ గోడ దగ్గరికి వెళ్ళి మేకు మీద వేలు పెట్టింది. "నాది ఇక్కడ. అటు చూస్తుంది. నీది ఇక్కడ. ఇదీ అటే చూస్తుంది." వెనక్కి వచ్చి, తల వాల్చి చూసింది. "అంటే ముందు నేను పోతున్నాను. వెనక నువ్వు వస్తున్నావు."

"అలా అనుకున్నామా మనం?"

"నువ్వు అనుకున్నావు. నన్నెవరడిగారు? ఇన్నేళ్ళూ పడవలో నీ వీపు, నీ టోపీ చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు కాసేపు నువ్వు చూడు."

"ఒక్కసారి తిరిగి కూడా చూడవన్నమాట."

"వస్తున్నావని తెలిశాక ఎందుకు చూడటం?"

హోలిస్ గోడ వంక చూశాడు. లేచి, తన చేపని మేకు నుంచి తీసి, దాన్నే పట్టుకుని అంతకంటే జానెడు కిందకి ఆనించాడు. "ఇక్కడైతే? కింద నుంచి తరుముతున్నట్టుంటుంది."

"ఇంకా కిందకి. అందనివ్వను," అంది జాయిస్.

ఆయన దింపాడు. తిరిగి చూడకుండానే అడిగాడు. "మిస్ ఛాయా, రస్సెల్ తోక వంచగలడా? ఆవిడది జోరుగా పోతున్నట్టు ఉండాలి."

"వంచగలడు," అంది ఛాయాదేవి. మళ్ళీ చెప్పింది. "బాగా వంచగలడు."

లక్ష్మీకాంతం హోలిస్ చేతిలోని చేపని దగ్గరగా చూస్తోంది. పొట్ట మీద వేలితో కొట్టింది. డొల్ల చప్పుడు. "లోపల మాంసమేం చేశారు?" అంది మెల్లగా.

"పారేస్తారు అత్తయ్యగారూ. చర్మం ఒక్కటే ఉంచుతారు."

ఆవిడ హోలిస్ వంక, జాయిస్ వంక జాలిగా చూసింది.

షాపుకి వచ్చేసరికి లోపల చీకటిగా ఉంది, కరెంటు ఇంకా రాలేదు. ఛాయాదేవి చీటీ మీద ఎడమ కొట్టేసి కుడి అని రాసింది. కింద, ముందు ఈవిడ, వెనక ఆయన, తోక బాగా వంచాలి, అని రాసింది. రస్సెల్ చదివాడు.

"గాలివాన అని చెప్పావా?"

"లేదు. గాలివాన నాతో వచ్చింది," అని అత్తగారిని చూపించింది.

రస్సెల్ టోపీ తీసి ఆవిడకి స్టూలు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు. చేపని గీకిన పక్క పైకి పెట్టి, రస్సెల్ కత్తి తీసుకుని, టార్చి ఎక్కడ ఆనించాలా అని చూస్తుంటే, ఆవిడ అందుకుంది. "నువ్వు కానివ్వు నాయనా, నేను పట్టుకుంటాను," అంది తెలుగులోనే.

రస్సెల్ కత్తి ఆనించి, ఛాయాదేవి వంక చూశాడు. "ఇటేనా?"

"ఇటే," అంది ఛాయాదేవి. కత్తి తోక వైపు నుంచి నిదానంగా దిగింది. దాని వెంటే వెలుగు జరుగుతూ పోయింది.